నాజిల్ నియంత్రణకు పల్స్ విడ్త్ మాడ్యులేషన్: ఆర్డుయినోతో సంకేతాన్ని సృష్టించడం, దానిని చూడడం

నాజిల్ నుండి వెలువడే ద్రావణాన్ని సగానికి తగ్గించవలసి వచ్చినప్పుడు సాధారణంగా పీడనాన్నే తగ్గిస్తారు. అయితే నాజిల్ ప్రవాహం పీడనపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక ప్రవాహం సగం కావాలంటే పీడనం నాల్గవ వంతుకు పడిపోవాలి. 3 బార్ల వద్ద పనిచేసే నాజిల్ 0.75 బార్‌కు దిగుతుంది. అప్పుడు తుంపరలు ముతకబారుతాయి, పిచికారీ కోణం ముడుచుకుంటుంది, పక్కపక్క నాజిళ్ల నుండి పడే పట్టీలు ఒకదానినొకటి సరిగా కప్పుకోవు. ప్రవాహాన్ని పెంచవలసి వస్తే ఇబ్బంది మరో వైపు నుండి వస్తుంది. రెట్టింపు ప్రవాహానికి నాలుగు రెట్ల పీడనం కావాలి. ఆ పీడనం వద్ద తుంపరలు పొగమంచులా సన్నబడి గాలికి కొట్టుకుపోతాయి.

పీడనాన్ని ముట్టుకోకుండా ప్రవాహాన్ని మార్చే మార్గం పల్స్ విడ్త్ మాడ్యులేషన్. ప్రతి నాజిల్‌కు ముందు ఒక సోలినాయిడ్ వాల్వును అమర్చి, దానిని సెకనుకు నిర్ణీత సంఖ్యలో తెరిచి మూస్తారు. తెరిచి ఉన్నంతసేపు నాజిల్ తన పూర్తి పీడనంతోనే పనిచేస్తుంది. మారేది తెరిచి ఉన్న కాలపు వంతు మాత్రమే. ఈ వంతునే డ్యూటీ అంటారు. 1980ల చివరి నుండి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో కెన్ గైల్స్, ఆయన సహచరులు ఈ పద్ధతిని పిచికారీ యంత్రాలకు అన్వయించారు. తరువాత మార్కెట్లోకి వచ్చిన ట్రాక్టరు స్ప్రేయర్లలో 10 హెర్ట్జ్ పౌనఃపున్యం బాగా వాడుకలోకి వచ్చింది. అంటే ఒక ఆవర్తన కాలం 100 మిల్లీసెకన్లు. 40 శాతం డ్యూటీ అంటే వాల్వుకు 40 మిల్లీసెకన్లు తెరుచుకోమనీ, 60 మిల్లీసెకన్లు మూసుకోమనీ చెప్పడం.

బ్యాటరీ స్ప్రేయర్లలో కొన్నింటికి ఉండే వేగ నియంత్రణ మర కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. కాని అక్కడ సంకేతం వెళ్లేది పంపు మోటారుకు, నాజిల్‌కు కాదు. మర తిప్పితే పంపు వేగంతోపాటు పీడనం కూడా మారుతుంది. కాబట్టి పైన చెప్పిన తుంపరల సమస్య అలాగే మిగిలిపోతుంది. ఒకే పేరుతో పిలిచే ఈ రెండు నియంత్రణలను విస్తరణ సమావేశాలలో కలిపివేయకూడదు.

2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం రూపొందిన ఆర్డుయినో, దాని వంశంలో 2010లో వచ్చిన ఊనో బోర్డు నేడు వ్యవసాయ కళాశాలల ప్రయోగశాలలకూ చేరాయి. పరిశోధక విద్యార్థి ఒక వాల్వు, ఒక నాజిల్, ఒక ఊనో బోర్డు తెచ్చుకుని మారుడు మోతాదు పిచికారీపై సిద్ధాంత గ్రంథానికి పూనుకోవడం ఇప్పుడు అరుదు కాదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ప్రోగ్రాములో రాసిన సంఖ్యనే వాల్వు అమలు చేస్తున్నదని ముందుగా నమ్మేయడంలో. కలుపు మందు మోతాదులపై జరిగే ప్రయోగంలో ఈ నమ్మకం తప్పితే మడిలో పడిన మోతాదు ఒకటి, పట్టికలో రాసిన మోతాదు మరొకటి అవుతాయి. ఆ పట్టికపై చేసిన గణాంక విశ్లేషణ ఎంత నిర్దుష్టమైనా నిరర్థకమే.

మల్టీమీటరు చెప్పే సగం నిజం

ఊనోలో పల్సులను పుట్టించడానికి అందరూ మొదట వాడే ఆజ్ఞ ఎనలాగ్‌రైట్. దీనికి 0 నుండి 255 వరకు ఒక సంఖ్యను ఇవ్వాలి. 127 ఇచ్చి 9వ పిన్ను మల్టీమీటరుతో కొలిస్తే సుమారు 2.5 వోల్టులు కనిపిస్తుంది. 5 వోల్టులలో సగం కాబట్టి డ్యూటీ 50 శాతం అని తేలుతుంది. లెక్క సరిపోయింది. కాని ఆ పిన్నుతో నడిచే వాల్వు సన్నగా రొద చేస్తుందే తప్ప ప్రవాహం సగం కాదు. డ్యూటీ తక్కువగా ఉన్నంతవరకు ఆ వాల్వు అసలు తెరుచుకోకపోవచ్చు. ఒక హద్దు దాటగానే పూర్తిగా తెరుచుకుని అలాగే ఉండిపోవచ్చు.

కారణం పౌనఃపున్యం. ఊనోలోని ఏటీమెగా328పీ చిప్ సెకనుకు 1.6 కోట్ల గడియార స్పందనలతో నడుస్తుంది. ఎనలాగ్‌రైట్ వాడే అమరికలో టైమర్ ఈ స్పందనలను 64తో భాగించి లెక్కిస్తుంది. 3, 9, 10, 11 పిన్నులపై టైమర్ పైకీ కిందికీ లెక్కించి 510 లెక్కలకు ఒక ఆవర్తనం పూర్తి చేస్తుంది కాబట్టి సుమారు 490 హెర్ట్జ్ వస్తుంది. 5, 6 పిన్నులపై ఒకే దిశలో 256 లెక్కలు కాబట్టి సుమారు 977 హెర్ట్జ్ వస్తుంది. 490 హెర్ట్జ్ వద్ద ఆవర్తన కాలం 2 మిల్లీసెకన్ల పైచిలుకు మాత్రమే. పిచికారీ వాల్వులోని ఇనుప దిమ్మె కదలడానికే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందువలన తీగచుట్టకు ఒక్కొక్క పల్సు అందదు, వాటి సగటు మాత్రమే అందుతుంది. మల్టీమీటరు చూపేది కూడా ఆ సగటునే. వాల్వు, మల్టీమీటరు రెండూ ఒకే విధంగా మోసపోతున్నప్పుడు ఒకదానిని మరొకదానితో సరిచూడడం వలన ప్రయోజనం ఉండదు.

ఎల్ఈడీ వెలుగును తగ్గించడానికి 490 హెర్ట్జ్ చక్కగా పనికివస్తుంది, ఎందుకంటే కన్ను కూడా సగటునే గ్రహిస్తుంది. ఇది తరగతి గదిలో చూపదగిన విషయం. చీకటి గదిలో ఎల్ఈడీని చేతితో పట్టుకుని సెకనుకు 2 మీటర్ల వేగంతో అడ్డంగా ఊపితే వెలుగు ఒకే గీతగా కాక చిన్న చిన్న ముక్కలుగా కనిపిస్తుంది. ఒక్కొక్క ఆవర్తనానికి చేయి కదిలే దూరం సుమారు 4 మిల్లీమీటర్లు. డ్యూటీ సగమైతే 2 మిల్లీమీటర్ల వెలుగు, 2 మిల్లీమీటర్ల చీకటి. ఏ పరికరమూ లేకుండా పల్సులను చూడడానికి ఇంతకంటే సులభమైన మార్గం లేదు.

టైమర్ 1తో 10 హెర్ట్జ్

10 హెర్ట్జ్ కావాలంటే ఎనలాగ్‌రైట్‌ను వదలి టైమర్‌ను స్వయంగా అమర్చుకోవాలి. ఊనోలోని మూడు టైమర్లలో టైమర్ 0ను ముట్టుకోకూడదు. మిల్లీస్, డిలే అనే కాల గణన ఆజ్ఞలు దానిపైనే ఆధారపడి ఉన్నాయి. టైమర్ 2 ఎనిమిది బిట్లది, 10 హెర్ట్జ్‌కు దిగదు. మిగిలినది పదహారు బిట్ల టైమర్ 1. దీని అవుట్‌పుట్లు 9, 10 పిన్నులపై వస్తాయి. అదే ప్రోగ్రాములో సర్వో మోటారు గ్రంథాలయాన్ని కూడా వాడితే అది టైమర్ 1ను తన పనికి తీసుకుంటుంది, అప్పుడు ఈ రెండు పిన్నుల పల్సులు ఆగిపోతాయి.

గడియారాన్ని 64తో భాగిస్తే సెకనుకు 2,50,000 లెక్కలు, అంటే ఒక్కొక్క లెక్కకు 4 మైక్రోసెకన్లు. టైమర్ సున్నా నుండి 12,500 వరకు ఎక్కి తిరిగి సున్నాకు దిగితే 25,000 లెక్కలు, అంటే సరిగ్గా 100 మిల్లీసెకన్లు. ఇందుకు టైమర్‌ను 8వ తరంగ విధానంలో ఉంచి, ఐసీఆర్1 రిజిస్టరులో 12,500 రాయాలి. ఇక్కడ క్రమం ముఖ్యం. బోర్డు మేల్కొనగానే ఆర్డుయినో తన అవసరాల కోసం టైమర్ 1ను ఎనిమిది బిట్ల విధానంలో అమర్చి ఉంచుతుంది. కాబట్టి మొదట టీసీసీఆర్1ఏ, టీసీసీఆర్1బీ రిజిస్టర్లను సున్నా చేయాలి. ఆ తరువాత విధానాన్ని ఎంచుకోవాలి. ఐసీఆర్1 విలువ రాయడం దాని తరువాతనే. విధానం మారకముందే రాసిన విలువను చిప్ స్వీకరించదు, తప్పు జరిగిందని కూడా చెప్పదు.

ఎక్కి దిగే విధానాన్ని ఎంచుకోవడానికి వ్యవసాయ సంబంధమైన కారణం ఉంది. గంటకు 4 కిలోమీటర్ల నడక వేగమంటే సెకనుకు 1.11 మీటర్లు. 40 శాతం డ్యూటీలో వాల్వు మూసి ఉండే 60 మిల్లీసెకన్లలో నాజిల్ దాదాపు 6.7 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ట్రాక్టరు గంటకు 8 కిలోమీటర్లతో నడిస్తే ఇది 13 సెంటీమీటర్లు దాటుతుంది. బూమ్‌పై ఉన్న నాజిళ్లన్నీ ఒకేసారి మూసుకుంటే పొలంలో అడ్డంగా మందు పడని గీతలు ఏర్పడతాయి. పక్కపక్క నాజిళ్లు వంతులవారీగా తెరుచుకుంటే ఒకదాని ఖాళీని మరొకదాని విస్తరణ కప్పుతుంది. అందుకు బేసి సంఖ్య నాజిళ్లను 9వ పిన్నుకు, సరి సంఖ్య నాజిళ్లను 10వ పిన్నుకు కలిపి, 10వ పిన్ను అవుట్‌పుట్‌ను తలకిందులుగా పనిచేసే అమరికలో ఉంచాలి. 40 శాతానికి ఓసీఆర్1ఏలో 5,000, ఓసీఆర్1బీలో 7,500 రాస్తారు. టైమర్ లెక్క 5,000 కంటే తక్కువగా ఉన్నంతసేపు మొదటి సమూహం తెరిచి ఉంటుంది. అది 7,500 దాటి ఉన్నంతసేపు రెండవ సమూహం తెరిచి ఉంటుంది. మొదటి పల్సు మధ్యభాగం లెక్క సున్నా వద్ద, రెండవదాని మధ్యభాగం శిఖరం వద్ద పడతాయి. డ్యూటీ ఎంత మార్చినా ఈ రెండింటి నడుమ సరిగ్గా అర ఆవర్తనం ఎడం ఉంటుంది.

ఒకే దిశలో లెక్కించే విధానంలో ఇదే పని చేస్తే రెండవ పల్సు ఆవర్తనపు చివర ముగుస్తుంది. ఆ వెంటనే తరువాతి ఆవర్తనపు మొదటి పల్సు మొదలవుతుంది. 30 శాతం డ్యూటీలో రెండు సమూహాలూ వెంటవెంటనే తెరుచుకుని, తరువాత 40 మిల్లీసెకన్లు రెండూ మూసుకుని ఉంటాయి. డ్యూటీ, పౌనఃపున్యం, సగటు వోల్టేజి అన్నీ సరిగ్గానే ఉంటాయి. రెండు పిన్నుల తరంగాలను ఒకే తెరపై ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే తప్ప ఈ తేడా బయటపడదు.

సంకేతాన్ని చూసే మార్గాలు

ఓసిలోస్కోపు ఉన్న చోట దానిని మించినది లేదు. వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలల్లో అది దొరుకుతుంది, పరిశోధన స్థానాల్లో అరుదు. చవకగా లభించే ఎనిమిది మార్గాల లాజిక్ ఎనలైజరును కంప్యూటరుకు కలిపి, ఉచితంగా దొరికే పల్స్‌వ్యూ ప్రోగ్రాముతో చూస్తే రెండు పిన్నుల కాలక్రమం మైక్రోసెకన్ల స్థాయిలో కనిపిస్తుంది. అది చూపేది ఎత్తు, లోతు మాత్రమే. వోల్టేజి ఎంత, అంచులు ఎంత నిటారుగా ఉన్నాయి అనేవి అందులో తెలియవు.

అవేవీ లేకపోతే ఊనో తన సంకేతాన్ని తానే చూడగలదు. టైమర్ పల్సులను ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పుట్టిస్తుంది కాబట్టి ప్రాసెసర్ కొలిచే పనిలో ఉన్నా తరంగం చెదరదు. 9వ పిన్నును ఒక తీగతో ఏ0 పిన్నుకు కలిపి, చదివిన విలువలను సీరియల్ ప్లాటర్‌కు పంపితే తెరపై తరంగం గీయబడుతుంది. అత్యధిక విద్యార్థులు అనుసరించే పద్ధతి ఇదే. అత్యధికంగా తప్పుదారి పట్టించేది కూడా ఇదే.

సీరియల్ వేగం 9,600 బాడ్ వద్ద ఉంటే సెకనుకు 960 అక్షరాలు వెళతాయి. విలువకు ఎప్పుడూ 1,000 కలిపి పంపితే ప్రతి నమూనా నాలుగు అంకెలు, పంక్తి ముగింపుకు రెండు అక్షరాలు, మొత్తం ఆరు అక్షరాలు అవుతుంది. అంటే సెకనుకు 160 నమూనాలు. ఇప్పుడు ఎనలాగ్‌రైట్ పుట్టించిన 490 హెర్ట్జ్ సంకేతాన్ని ఈ ప్లాటర్‌తో చూస్తే ఏమి కనిపిస్తుంది? ఒక నమూనాకూ మరొక నమూనాకూ మధ్య సంకేతం మూడు ఆవర్తనాలు పూర్తి చేసి మరి కొంచెం ముందుకు పోతుంది. ప్లాటర్ ఆ మూడింటినీ చూడలేదు, మిగిలిన కొంచెమును మాత్రమే చూస్తుంది. 160కి మూడు రెట్లు 480. 490 నుండి 480 తీసివేస్తే మిగిలేది దాదాపు 10. కాబట్టి తెరపై దాదాపు 10 హెర్ట్జ్ చతురస్ర తరంగం, సరైన డ్యూటీతో సహా, నిదానంగా కదులుతూ కనిపిస్తుంది. విద్యార్థి ఏది చూడాలని ఆశించాడో సరిగ్గా అదే కనిపిస్తుంది. అయితే అక్కడ అలాంటి తరంగమే లేదు. బండి చక్రం చలనచిత్రంలో వెనుకకు తిరుగుతున్నట్లు కనిపించడానికి కారణం కూడా ఇదే.

ఈ నకిలీ తరంగాన్ని పట్టుకోవడానికి సీరియల్ వేగాన్ని 1,15,200కు పెంచి మళ్లీ చూడాలి. అప్పుడు సెకనుకు సుమారు 1,900 నమూనాలు వస్తాయి. నిజమైన 10 హెర్ట్జ్ సంకేతమైతే ఆవర్తనానికి దాదాపు 190 నమూనాలతో విశాలంగా విస్తరించి కనిపిస్తుంది. 490 హెర్ట్జ్ సంకేతమైతే ఆవర్తనానికి నాలుగు నమూనాలు కూడా రాక చిందరవందరగా మారుతుంది. నమూనా వేగం మార్చినప్పుడు పౌనఃపున్యం మారినట్లు కనిపిస్తే ఆ తరంగాన్ని నమ్మకూడదు. మరొక జాగ్రత్త కూడా అవసరం. ప్లాటర్ అడ్డ అక్షం మీద ఉండేది కాలం కాదు, నమూనాల వరుస సంఖ్య. కాలం కావాలంటే మైక్రోస్ ఆజ్ఞతో సమయాన్ని కూడా నమోదు చేయాలి.

చిత్రం అవసరం లేక సంఖ్యలు చాలనుకుంటే పల్స్‌ఇన్ ఆజ్ఞ ఉంది. పిన్ను ఎత్తులో ఉన్న కాలాన్నీ లోతులో ఉన్న కాలాన్నీ అది మైక్రోసెకన్లలో ఇస్తుంది. ఆ రెండింటి మొత్తం ఆవర్తన కాలం, మొదటిదానిని మొత్తంతో భాగిస్తే డ్యూటీ. అయితే 0 శాతం, 100 శాతం వద్ద అంచులే ఉండవు కాబట్టి ఒక సెకను వేచి చూసి రెండు సందర్భాల్లోనూ సున్నానే ఇస్తుంది. పూర్తిగా తెరిచిన నాజిల్ పక్కన పట్టికలో సున్నా చేరే ప్రమాదం ఇక్కడ ఉంది.

గేటు దాటిన తరువాత

పిన్నుపై సంకేతం సరిగ్గా ఉన్నంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఊనో పిన్ను నుండి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకపోవడం మంచిది. పిచికారీ వాల్వు తీగచుట్టకు దీనికి ఎన్నో రెట్లు కావాలి. అందుకే నడుమ ఒక మాస్‌ఫెట్‌ను ఉంచుతారు. 5 వోల్టుల గేటుతోనే పూర్తిగా తెరుచుకునే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ వంటిది ఎంచుకోవాలి. దుకాణాల్లో సులభంగా దొరికే ఐఆర్‌ఎఫ్540 గేటుకు 10 వోల్టులు ఆశిస్తుంది. 5 వోల్టులతో అది సగం తెరుచుకుని వేడెక్కుతుంది. గేటు నుండి గ్రౌండుకు 10 కిలోఓమ్‌ల నిరోధకం పెట్టకపోతే బోర్డు రీసెట్ అయిన ప్రతిసారీ వాల్వు ఇష్టం వచ్చినట్లు తెరుచుకోవచ్చు. తీగచుట్టకు అడ్డంగా డయోడు తప్పనిసరి. అది లేకపోతే కరెంటు ఆగిన క్షణంలో ఎగసే వోల్టేజి మాస్‌ఫెట్‌ను కాల్చివేస్తుంది.

డ్రెయిన్ వద్ద తరంగాన్ని చూడదలచినప్పుడు 12 వోల్టులను నేరుగా ఊనోకు గాని లాజిక్ ఎనలైజరుకు గాని కలపరాదు. 10 కిలోఓమ్‌లు, 4.7 కిలోఓమ్‌ల నిరోధకాలతో విభజిస్తే 3.8 వోల్టులకు దిగుతుంది. ఛార్జింగులో ఉన్న 14.4 వోల్టుల బ్యాటరీకి కూడా ఇది 5 వోల్టులు దాటదు. ఇక్కడ తరంగం తలకిందులుగా కనిపిస్తుంది, ఎందుకంటే వాల్వుకు కరెంటు పారుతున్నప్పుడు డ్రెయిన్ లోతులో ఉంటుంది. 40 శాతం పెడితే 60 శాతం కనిపించిందని ప్రోగ్రామును మార్చివేసిన వారికి కొరత లేదు.

విద్యుత్ సంకేతం తరువాత మిగిలేది వాల్వు స్వభావం. తీగచుట్టలో కరెంటు క్రమంగా పెరిగి, దిమ్మె లేవడానికి కొంత కాలం పడుతుంది. ఆపినప్పుడు డయోడు ద్వారా కరెంటు కొంతసేపు తిరుగుతూ ఉండి, మూసుకోవడం కూడా ఆలస్యమవుతుంది. ఒక వాల్వు తెరుచుకోవడానికి 12, మూసుకోవడానికి 6 మిల్లీసెకన్లు తీసుకుంటుందని అనుకుంటే, 10 హెర్ట్జ్ వద్ద 20 శాతం ఆజ్ఞకు నీరు పారేది 14 మిల్లీసెకన్లు మాత్రమే. అనుకున్న మోతాదులో 30 శాతం లోటు. 80 శాతం ఆజ్ఞకు నీరు పారేది 74 మిల్లీసెకన్లు, లోటు 7.5 శాతం. ఈ దోషం తక్కువ మోతాదుల వద్దనే ఎక్కువ. కలుపు మందు మోతాదు తగ్గించినా ఫలితం ఉందా అని పరీక్షించే ప్రయోగానికి అది సరిగ్గా చెడ్డ చోటు. ఓసిలోస్కోపు ఉంటే తీగచుట్టకు వరుసలో 0.1 ఓమ్ నిరోధకం ఉంచి కరెంటు వక్రాన్ని చూడవచ్చు. పెరుగుతున్న వక్రంలో ఒక చోట చిన్న పల్లం కనిపిస్తుంది. దిమ్మె కదిలిన క్షణం అదే. అది లేనివారు సెకనుకు 240 చిత్రాలు తీసే చరవాణితో నాజిల్‌ను చిత్రీకరిస్తే ఆవర్తనానికి 24 చిత్రాలు వస్తాయి. నీటి తెర ఎన్ని చిత్రాలలో ఉందో లెక్కించవచ్చు.

చివరి కొలత కొలజాడీతోనే. పీడనాన్ని స్థిరంగా ఉంచి 20, 40, 60, 80, 100 శాతాల వద్ద ఒక్కొక్క నిమిషం నీరు పట్టి, ఆజ్ఞాపించిన డ్యూటీకి ఎదురుగా ప్రవాహాన్ని గీయాలి. 100 శాతం వద్ద నిమిషానికి 0.8 లీటరు ఇచ్చే నాజిల్‌ను 0.5 మీటరు ఎడంతో, గంటకు 4 కిలోమీటర్ల వేగంతో వాడితే హెక్టారుకు 240 లీటర్లు పడతాయి. 50 శాతం వద్ద 120 లీటర్లు పడవలసి ఉండగా జాడీ నిమిషానికి 0.36 లీటరు చూపితే పడేది 108 లీటర్లే. ఆ సందర్భంలో డ్యూటీని గీసిన రేఖ నుండి చదువుకుని పెంచాలి. సిద్ధాంత గ్రంథంలోని విధానాల అధ్యాయంలో పౌనఃపున్యం, ఆజ్ఞాపించిన డ్యూటీ, డ్రెయిన్ వద్ద కొలిచిన డ్యూటీ, జాడీలో పట్టిన పరిమాణం నాలుగూ వేర్వేరు నిలువు వరుసలలో ఉండాలి. బ్యాటరీ వోల్టేజిని కూడా ఐదవ వరుసగా చేర్చడం మంచిది. వోల్టేజి తగ్గిన కొద్దీ కరెంటు నెమ్మదిగా పెరిగి వాల్వు మరింత ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఉదయం నిండు బ్యాటరీతో గీసిన రేఖ సాయంత్రం చివరి మడికి వర్తించకపోవచ్చు. కాబట్టి పిచికారీ ముగిసిన వెంటనే, బ్యాటరీని ఛార్జింగుకు పెట్టకముందే, 20 శాతం వద్ద మరొక నిమిషం నీరు పట్టి రాసుకోవాలి.